మూడు ప్లగ్గులు, రెండు సెన్సర్లు

నవంబర్ 10, సోమవారం
ఉదయం 6.10

తీర్మానం: ఆదివారంలోగా కారు వేడెక్కడం నేనే ఆపుతాను. ఎవరినీ అడగను.

కారణాలు. ఒకటి: మా ఎర్ర స్పోర్ట్స్ కారుకి ఉన్నవి రెండే సీట్లు. రెండోదాంట్లో నా భార్య కృపారాణి ఇంతవరకూ కూర్చోలేదు. "గోదావరి బ్రిడ్జి మీద ఆగిపోతే పట్టుచీరతో నేను తొయ్యలేనండి" అంటుంది. రెండు: ఆదివారానికి మా పెళ్లయి పాతికేళ్లు. పెళ్లి జరిగిన రాజమండ్రి చర్చిలోనే కృతజ్ఞతార్పణ. కొవ్వూరు నుంచి ఆమెను ఈ కారులోనే తీసుకెళ్లాలి. మూడు: ఆటోమేటిక్ గేర్‌బాక్సు తీసి మామూలుది బిగించిన మెకానిక్ గంగాధర్, "సెన్సర్ల పని మీవల్ల కాదండి మాస్టారూ" అన్నాడు. ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్నవాణ్ణి.

సాయంత్రం 5.30

బానెట్ ఎత్తాను. నీటి వేడి కొలిచే సెన్సర్లు రెండు. ఒకటి డాష్‌బోర్డు ముల్లుకి కబురు చెబుతుంది, ఇంకోటి ఫ్యానుకి. ఏది ఏదో తేలితే చాలు. రేపటికి అయిపోతుంది.

నవంబర్ 11, మంగళవారం

వైర్ల చివర ప్లగ్గులు మూడున్నాయి. మూడూ ఒక్కలాగే ఉన్నాయి. సెన్సర్లు రెండే.
అంటే మూడో సెన్సర్ ఎక్కడో దాక్కుంది. వెతకాలి.

నవంబర్ 12, బుధవారం

పక్కింటి పల్లంరాజు గారు గోడ మీంచి తొంగి చూశారు. "ఏంటి మాస్టారూ, రేడియేటర్ వెనక చూశారా?" చూశాను. లేదు.
నేను అడగలేదు. ఆయనే చెప్పారు. వినడం అడగడం కిందికి రాదు.

నవంబర్ 13, గురువారం

8.30: గంగాధర్‌కి ఫోన్. కారు గురించి కాదు. ఆరోగ్యం ఎలా ఉందో కనుక్కుందామని. ఎత్తలేదు.
11.00: ఎనిమిదో తరగతికి x విలువ కనుక్కోమని ఇచ్చి, నేను ఇంజిన్ బొమ్మ గీసుకుంటూ కూర్చున్నాను. పిల్లలకి x దొరికింది.

నవంబర్ 14, శుక్రవారం

ప్లగ్గులు అటూ ఇటూ మార్చి పెట్టాను. ముల్లు అడుక్కి పడుకుంది. వీధి చివరిదాకా వెళ్లొచ్చినా లేవలేదు.
కృపారాణిని పిలిచి చూపించాను. కాసేపు ముల్లునీ, కాసేపు నన్నూ చూసి "సరే, వస్తాను" అంది. పెళ్లిచూపుల్లోనూ ఇలాగే చూసి సరే అంది. చాలా సంతోషంగా ఉంది.

నవంబర్ 15, శనివారం

కారు కడిగాను. మూడో సెన్సర్ దొరకలేదు. దేవుడి సృష్టిలో ప్రతిదాని పనీ మనకి తెలుస్తుందా? వదిలేశాను.

నవంబర్ 16, ఆదివారం
సాయంత్రం

ఉదయం 8.40కి బ్రిడ్జి నడిమధ్యన బానెట్ కింద నుంచి ఆవిరి. కారు ఆగిపోయింది.
"ముల్లు లేవలేదు కదా" అన్నాను.
కృపారాణి ప్రభుత్వాసుపత్రిలో నర్సు. "థర్మామీటర్ తీసేస్తే జ్వరం తగ్గినట్టాండీ?" అంది.

మండపేట ధాన్యం లారీ ఒకటి ఆగింది. డ్రైవర్ బుల్లిరాజు గారు తాడు కట్టారు. "అమ్మగారిని లారీ ఎక్కమనండి, పైన గాలి బాగుంటుంది" అన్నారు. ఆమె దిగలేదు. "ఇన్నాళ్లకి ఎక్కానండి, మళ్లీ దిగడమెందుకు" అంది.

చర్చి గేటు దాకా లారీ వెనకే వెళ్లాం. అప్పటికి ఆఖరి కీర్తన పాడుతున్నారు. జనం బయటికొచ్చి చూశారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆమె మాత్రం చీర సర్దుకుని, అందరినీ పలకరిస్తూ దిగింది.

ఆరాధన అయ్యాక బానెట్ కిందికి వంగి చూసింది.
"పాత గేర్‌బాక్సుకీ ఒక వైరు ఉండి ఉంటుంది కదండీ. గేర్‌బాక్సు తీసేశారు, దాని వైరు మిగిలిపోయింది."

మూడో ప్లగ్గు దానిదే. లేని సెన్సర్ కోసం వారమంతా వెతికాను.
"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా?"
"మీరు ఎవరినీ అడగనన్నారు. ఆ 'ఎవరినీ'లో నేనూ ఉన్నానేమో అనుకున్నాను."
నవ్వుతూనే అంది. నేను బానెట్ మూసేశాను.

నవంబర్ 17, సోమవారం
ఉదయం 6.10

తీర్మానం: వచ్చే ఆదివారంలోగా కారు వేడెక్కడం ఆపుతాను. ప్లగ్గులు ఇప్పుడు రెండే. ఎవరినీ అడగను.

6.15: వంటింట్లోకి వెళ్లి కృపారాణిని అడిగాను. డ్యూటీ నుంచి వచ్చాక ఇద్దరం కలిసి చూద్దామంది.