వ్యానులో నీళ్లెక్కడివి?

ఏమండీ, ఆ వ్యాను వెనక్కి ఇచ్చేయకండి! పైకప్పు కారుతోందని అమ్మినాయనకి చెప్పేసి ఉంటే, వెంటనే ఫోన్ చేసి ఆగమనండి. సాయంత్రం దాకా ఆగితే ఇంకెవరో ఎగరేసుకుపోతారు. మీరు తల వంచకుండా నిలబడగలిగే పాత వ్యాను మళ్లీ దొరకదు.

పొద్దున నిచ్చెనెక్కి పైకప్పు మీద బకెట్లకొద్దీ నీళ్లు కుమ్మరించాను. లోపల ఒక్క చుక్క పడితే ఒట్టు. మరి పడక కోసం మీరు సుద్దతో గీసిన మూల ఎందుకు తడిసింది? అక్కడ గుండ్రటి మట్టి మరక కూడా ఉంది. తుప్పును వీధి చివర్నుంచే పసిగట్టే మీకు అది మాత్రం కనిపించలేదు!

వరండాలోని గులాబీ కుండీ తెచ్చి పెడితే, ఆ మరక మీద అచ్చంగా సరిపోయింది.

అన్నం గిన్నెలో ఉంది, వేడి చేసుకోండి. సుద్దగీత చెరిపి మూడో పడకకు చోటు చూడండి. ఎందుకో కింద రాశాను.

నిలదీస్తే ముద్దాయి ఒప్పేసుకుంది. "మీరిద్దరూ ఊళ్లు పట్టుకు తిరుగుతుంటే దానికి నీళ్లెవరు పోస్తారే? బండిలో బతుకుతుందో లేదో పెట్టి చూశాను" అంది.

"చోటు కుండీకేనా, మీక్కూడానా అత్తయ్యా?" అని గట్టిగానే అడిగేశాను.