నేమో అనే ఊరు

మార్చి 4, బెల్స్‌హిల్

ఆగ్నెస్ స్మిత్ ఇంట్లో ఫోటోలు తీశాను. స్కాట్లాండ్ గనుల్లో పనికి వలసొచ్చిన మా లిథువేనియా వాళ్ళ పిల్లల్లో ఇక్కడ మిగిలిన పెద్దతలకాయ ఆవిడే. అసలు ఇంటిపేరు యుష్కౌస్కస్. గని గుమాస్తాకి నోరు తిరక్క స్మిత్ అని రాసేశాడట. ఇంకా నయం, బొగ్గు అని రాయలేదు అంది.

మేలో లిథువేనియా వెళ్తున్నాను, వీళ్ళ సొంతూళ్ళు ఫోటో తీసి తేవడానికి. మా అమ్మది నేమో అనే ఊరు, నేను పోయేలోగా ఒక్కసారి చూపించు పిల్లా అంది ఆగ్నెస్.

తండ్రి గనిలో పోయాక తల్లి ఓనా ఆసుపత్రి పాలైంది. పిల్లల్ని లోపలికి రానివ్వలేదు. చివరిదాకా ఈ పేరే కలవరించింది, మీ ఊరేమో అని నర్సు కాగితం మీద రాసిచ్చిందట. మేం బయట గుమ్మంలోనే ఉన్నాం, మా పేర్లు ఒక్కసారీ ఎత్తలేదు అంది ఆగ్నెస్. వెంటనే, టీ చల్లారిపోతోంది తాగవేం అని నా మీద కసిరింది.

మార్చి 11

మ్యాపులన్నీ గాలించాను. నేమో లేదు.

మార్చి 15

ఓనా సమాధి ఫోటో కోసం వెళ్ళాను. పేరు కింద పుట్టిన ఊరు చెక్కించారు. ఎన్, ఏ, ఎమ్, ఓ. ఫోకస్ చేస్తూ నాలో నేను చదివాను, మా భాషలో చదివినట్టు. నమో.

అది ఊరు కాదు. "ఇంటికి" అని. వీళ్ళు ఇన్నేళ్ళూ ఇంగ్లీషులో నేమో అని చదువుకున్నారు. ముందు నవ్వొచ్చింది. తర్వాత గడ్డిలో కూలబడి ఏడ్చాను.

మార్చి 16

ఆగ్నెస్ కూతురు మోరీన్‌కి ఫోన్ చేశాను. చెప్పకు, ఏదో ఒక పల్లె తెచ్చి ఇదే నేమో అనెయ్, అమ్మకి కళ్ళెలాగూ ఆనవు, ఉన్న ఒక్క ఊరినీ లాక్కుంటావా అని అరిచింది. నా దగ్గర లిథువేనియా పల్లెల చెక్క ఇళ్ళ ఫోటోలు బోలెడున్నాయి.

మార్చి 20

చెప్పేశాను. నా మొహం అబద్ధానికి పనికిరాదు.

ఆగ్నెస్ కప్పు కింద పెట్టింది. మళ్ళీ అను అంది. అన్నాను. అలా కాదు, గట్టిగా, సాగదీసి అంది. మా అమ్మ నన్ను పిలిచినట్టే పిలిచాను. నమోఓ.

ఆవిడ మొహం చిన్నపిల్ల మొహమైపోయింది. పొద్దుగూకితే వీళ్ళు బొగ్గు దిబ్బ మీద జారుతుండేవాళ్ళట. అమ్మ వెనక తలుపు దగ్గర నిలబడి ఇలాగే కేకేసేదట. బళ్ళో వెక్కిరిస్తారని నాన్న మీ భాష మమ్మల్ని నేర్చుకోనివ్వలేదు, అదో మాటని మాకేం తెలుసు, అన్నానికి పిలుస్తోందనుకునేవాళ్ళం అంది. తర్వాత, అయితే ఊరిని కాదన్నమాట, మమ్మల్నే పిలిచిందన్నమాట అంది.

ఓనా తలుచుకున్నది ఏ ఇంటినో నాకు తెలీదు. ఆ మాట ఎటైనా సరిపోతుంది. ఆగ్నెస్ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఈ ముసలావిడంటే నాకు ప్రాణం.

మార్చి 27, సాయంత్రం

వెనక తలుపు దగ్గర ఫోటో కావాలంది. నేను పెరటి చివర కెమెరాతో నిలబడ్డాను. ఆగ్నెస్ గుమ్మం పట్టుకుని, నమోఓ అని కేకేసింది.

బటన్ నొక్కలేదు. లోపలికి వెళ్ళాను.