అంజమ్మ మేడం కొట్టిన ఒకటి

మదనపల్లె,
19-11-2000, ఆదివారం.

చిరంజీవి ఉషకు,

మునిలక్ష్మక్క ఆశీర్వదించి రాసే సంగతులు. ఇక్కడ అందరం కులాసా అని రాయడం మర్యాద కాబట్టి రాశాననుకో. కుప్పంలో నువ్వు, మీ ఆయన, నీ కంప్యూటర్ సెంటరు చల్లగా ఉండాలని కోరుకుంటున్నాను.

ఈ ఉత్తరం పోస్టులో రాలేదేమిటా అని ఆశ్చర్యపోతున్నావేమో. తెచ్చింది మన అంజమ్మ మేడం. పుంగనూరులో మనిద్దరికీ టైపు నేర్పిన మనిషికి ఇప్పుడు నువ్వు కంప్యూటర్ నేర్పాలి. అందుకే పంపుతున్నాను. ముందు ఆమెకు ఇంత కాఫీ ఇచ్చి, తర్వాత తీరిగ్గా చదువు.

మా గ్రైనేజి సంగతి నీకు తెలిసిందే. పట్టుపురుగుల గుడ్లు తయారుచేసి రైతులకు పంపుతాం. ప్రతి గుడ్ల అట్టకూ ఒక చీటీ ఉంటుంది: లాటు నంబరు, గుడ్లు పెట్టిన తేదీ, పగిలే తేదీ. ఒక్క అంకె తప్పితే చాలు, నిమ్మనపల్లెలో రైతు మల్బరీ ఆకు కోసుకుని కూర్చుంటాడు, పురుగు మాత్రం రాదు. ఆ చీటీలు ఇన్నేళ్ళూ నేనూ మేడమూ టైపు మిషన్ మీద కొట్టేవాళ్ళం. శ్రావణమాసంలో కంప్యూటర్ వచ్చింది, దాంతోపాటే శాలిని అని ఒక పిల్ల చేరింది. విజువల్ బేసిక్‌లో చీటీల స్క్రీన్ తయారుచేసే పని, నేనేదో ఆర్నెల్లు సాయంత్రం క్లాసుకు పోయిన పాపానికి, నా నెత్తిన పడింది.

నా అవస్థలన్నీ నీకు రాస్తూనే వచ్చాను. మొదట బటన్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. కోడు బటన్‌కు రాయకుండా ఫారానికి రాశానని నువ్వు చెప్పేదాకా వారం రోజులు ఆ స్క్రీన్‌కు దండాలు పెట్టాను. తర్వాత ట్యాబ్ కొడితే కర్సరు పక్క పెట్టెలోకి పోకుండా చివరి పెట్టెలోకి దూకేది. ఆ తర్వాత హెచ్చరిక ఒకటి వచ్చేది. ఓకే కొడితే మళ్ళీ వచ్చేది, మళ్ళీ కొడితే మళ్ళీ. చివరికి విసుగొచ్చి స్విచ్చి తీసేశాను. ఒక్కోదానికీ నువ్వు ఇన్‌లాండ్ లెటర్ అంచుల దాకా నింపి జవాబు రాశావు. నీకింత ఓపిక ఎక్కడిదే? నాకు ఇల్లు చేరేసరికి అన్నం కలుపుకోవడానికి కూడా చెయ్యి లేవడం లేదు.

ఇంతలో మా మేనేజరు చెంగల్రాయుడు సారు పిలిచి, "ముగ్గురికి ఈడ పని లేదమ్మా, ఇద్దరు సాలు. నీ ప్రోగ్రాంలోనే పరీచ్చ పెడతా. తప్పులెన్నో అదే లెక్కేసేటట్టు సెయ్" అన్నాడు. చేశాను. అంకె ఉండాల్సిన చోట అంకె కానిది పడితే హెచ్చరిక రావాలి, ఒక తప్పు పెరగాలి.

పోయిన సోమవారం పరీక్ష జరిగింది. మనిషికి పది చీటీలు. శాలినికి రెండు తప్పులు, నాకు మూడు. తర్వాత మేడం కూర్చుంది. మనకు నేర్పినట్టే, కన్ను కాగితం మీద నుంచి తియ్యకుండా కొట్టింది. మొదటి చీటీకే హెచ్చరిక. చూసుకుని, చెరిపి మళ్ళీ కొట్టింది. మళ్ళీ హెచ్చరిక. "సరిగ్గానే ఉండాది కదమ్మా, యాల ఒప్పుకోదు ఇది?" అని నన్ను అడిగింది. పరీక్షలో ఎవరూ నోరు విప్పకూడదని సారు ముందే చెప్పాడు. నేను కిటికీ వైపు చూశాను. చీటీ చీటీకీ అదే వరస. మొత్తం ఇరవై ఏడు తప్పులు. ఆమె లేచి కుర్చీ లోపలికి జరిపి, "మిషను అబద్ధం సెప్పదులే మునీ, నాకే వయసైపాయ" అని సంచి తీసుకుని పుంగనూరు బస్సుకు వెళ్ళిపోయింది. మర్నాడు కళ్ళ డాక్టరు దగ్గరికి కూడా పోయిందట. చూపుకేమీ కాలేదని ఆయన పంపించేశాడట.

ఆమె తప్పేమిటో నీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. మనం నేర్చుకున్న ఆ పాత మిషన్లలో ఒకటి (1) అంకెకు కీ లేదు కదా. ఇంగ్లీషు చిన్న ఎల్ (l) కొట్టి దాన్నే ఒకటి అనుకోమని ఆమే మనకు నేర్పింది. కాగితం మీద రెండూ ఒకేలా ఉంటాయి, కంప్యూటర్‌కు ఉండవు. ఆమెది ముప్పై ఏళ్ళ అలవాటు, వేలు తనంతట తానే ఎల్ మీదికి పోతుంది. నేనూ మొదట్లో అదే చేసి నిన్ను అడిగాను, గుర్తుందా? ఎల్ కొడితే ఒకటిగా మార్చే నాలుగు వరుసల కోడు రాసి పంపావు. ఆ ఉత్తరం పరీక్ష అయిపోయిన మర్నాడు గానీ నా చేతికి రాలేదు. పోస్టువాళ్ళను నోరారా తిట్టుకున్నాను. మేడం కూడా అదే తప్పు చేస్తుందని ఆ గాభరాలో నాకు తట్టలేదు.

ఆమెకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు. నువ్వే నెమ్మదిగా చెప్పు. నిన్న పుంగనూరు పోయి కుప్పం ప్రయాణానికి ఒప్పించేసరికి తలప్రాణం తోకకు వచ్చింది. "ఈ వయసులో నాకు నేర్పేదెవురమ్మా" అంటుంది. నేర్పడానికి ఉష ఉందని చెప్పాను. ఈ రోజు ఉత్తరం కోసం మా ఇంటికి వచ్చింది. నేను రాస్తుంటే వంటింట్లో కూర్చుని అనపకాయలు వలుస్తోంది. నీ సెంటరులో కాకపోయినా, ఆ ఊళ్ళో ఎక్కడైనా ఆమెకు ఒక కుర్చీ దొరికేలా చూడు.

ఇట్లు,
అలసిపోయిన నీ అక్క,
మునిలక్ష్మి.

తా.క.: కవరు అంటించబోయి ఆగిపోయాను, ఉషా. నీ ఉత్తరం ఆలస్యంగా రాలేదు. పరీక్షకు ముందు శనివారమే వచ్చింది. ఆ నాలుగు వరుసలూ ఆ సాయంత్రమే పెట్టాను. చక్కగా పని చేశాయి. అవి ఉంటే మేడంకు ఒక్క తప్పూ రాదని, అప్పుడు పోవలసింది నేనేనని కూడా అప్పుడే అర్థమైంది. ఇంట్లో జీతం నాదొక్కటే అని నాకు నేనే చెప్పుకుని వాటిని తీసేశాను. యాల ఒప్పుకోదు అని ఆమె అడిగినప్పుడు, ఎందుకు ఒప్పుకోదో ఆ గదిలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

ఇప్పుడే మేడం గుమ్మం దగ్గరికి వచ్చి, "నీ పిలకాయలకు ఇష్టమని గిన్నెడు ఎక్కువే వలిచినా" అని చెప్పి పోయింది. లేచి పోయి చెప్పేద్దామనుకున్నాను, మళ్ళీ కలమే పట్టుకున్నాను. చదివాక ఈ ఉత్తరం ఆమె చేతికే ఇవ్వు. ఆమె తిరిగి వచ్చి అడిగితే సారు ముందు ఒప్పుకుంటాను. అడక్కపోతే ఒప్పుకుంటానన్న నమ్మకం నాకే లేదు, అందుకే ఆమె చేతనే పంపుతున్నాను.