ముంచిన పడవ

బావగారికి నమస్కారాలు. ఈ ఉత్తరం రాజోలు బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. మధ్యాహ్నానికల్లా మీకు అందాలి.

మా రేవులో చేపలు పట్టే గంగయ్య మీకు గుర్తుండే ఉంటాడు. రెండేళ్ళ కిందట, తుఫానుకి ముందురోజు, అతను తన పడవని కాలవలోకి లాగి, ఇసక బస్తాలు వేసి ముంచేస్తుంటే నేను నవ్వాను.

"బంగారంలాంటి పడవని ముంచేసుకుంటున్నావేంటయ్యా?" అన్నాను.

"ఆయ్, ఒడ్డునుంటే గాలి ఎత్తుకుపోద్దండి. నీళ్ళడుగునుంటే దాని జోలికి రాదండి" అన్నాడు.

మర్నాడు ఒడ్డున కట్టిన పడవలు ఒక్కటీ మిగల్లేదు. మా కొబ్బరితోట సగం నేలకొరిగింది, ఊళ్ళోకి నీళ్ళొచ్చేశాయి. గంగయ్య మాత్రం బస్తాలు తీసి, నీళ్ళు తోడి, అదే పడవలో మా అమ్మతో సహా వీధి వీధినీ దఫదఫాలుగా బడి డాబా మీదికి చేర్చాడు. నేను నవ్విన సంగతి ఇప్పటికీ ఒక్కసారి కూడా ఎత్తలేదు. అంత పెద్దమనిషి.

రేపు అమ్మని చూడ్డానికి వస్తామన్నారు. రావద్దండి. అక్కయ్యనీ పిల్లల్నీ తీసుకుని, ఆ పెంకుటిల్లు వదిలి ఇవాళే ఎవరిదైనా డాబాకి చేరండి. బియ్యం, అగ్గిపెట్టెలు మూతడబ్బాలో పెట్టుకోండి. రేడియోలో ఇంకా ఏమీ చెప్పలేదని నాకూ తెలుసు.

పొద్దున్నే గంగయ్య పడవ ముంచాడు.

మీ బావమరిది