అడుగున వెలిగిన సీసా

జూన్ 9

కోడలు నందిత ధర్మపురి కాలేజీ నుంచి చిన్న సీసా ఒకటి తెచ్చింది. ల్యాబ్‌లో రిపేరట. ఇది నెల రోజులు కదలకుండా ఉండాలట. దేవుడి గది పక్క గూట్లో పెట్టింది. ఎవరూ తాకకూడదంది. నేను కూడా.

జూన్ 11

లోపల ఏముందని అడిగాను. కంటికి కనపడని పుల్లలు అత్తా, అంది. తక్కువుంటే ఎట్లంటే అట్ల తిరుగుతాయంట. ఎక్కువైతే చోటు చాలక, ఎవరూ చెప్పకుండానే, అన్నీ ఒకే పక్కకు తిరిగి పడుకుంటాయంట. ఊదుబత్తి కట్టలోలాగా అనుకున్నాను. ఎక్కడివంటే, తెగులు పట్టిన పొగాకు ఆకులోవి అంది. ఆ పుల్లలే తెగులట. టమాటాకు కూడా తగులుకుంటుందట.

టమాటా పండించే ఇంట్లోకి తెచ్చింది. మూత సీల్ వేసుండాను, భయపడొద్దని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

జూన్ 16, సాయంత్రం

నందిత సీసాతో ఏం చేస్తుందోనని తలుపు సందులోంచి చూశాను. రెండు నల్లటి ఫిల్ములు, మధ్యలో సీసా, వెనక టార్చి. పై సగం చీకటి. కింది సగం నెమలి ఈక రంగుల్లో వెలిగింది. పుల్లలు ఒత్తుగా పడుకున్నది అక్కడే కాబోలు. నాకు తెలియకుండానే చేతులు జోడించాను.

జూన్ 20

టమాటా తోటలో అడుగాకులు పసుపెక్కాయి. మందుల అంగడి చిన్నసామిని పిలుస్తానన్నాడు ఆయన. నాకు ఎవర్నీ అడగాల్సిన పని లేదు. ఆ సీసా వల్లే.

జూన్ 21

నందిత కాలేజీకి పోయాక సీసా మూత తీశాను. కాలువలో పోయడానికి మనసు ఒప్పలేదు. అంత వెలుగున్న నీళ్లు. పూజ నీళ్లలాగే ఎవరూ తొక్కని చోట, పెరట్లో కనకాంబరం చెట్టు మొదట్లో పోశాను. చెయ్యి కొంగుకు తుడుచుకుని, పక్కనే ఉన్న టమాటా నారు ట్రేల్లో ఒత్తుగా ఉన్న మొక్కలు గిల్లేశాను. రోజూ చేసే పనే.

ముందులాగే మసకగా కనపడాలని సీసాలో నీళ్లు, రెండు చుక్కల పాలు పోసి పెట్టాను.

జూన్ 23

చిన్నసామి వచ్చాడు. తెగులు లేదు ఏమీ లేదక్కా, మెగ్నీషియం తక్కువ, స్ప్రే కొట్టండి అన్నాడు. పూజ రవ్వంత తగ్గించి తోట పక్క చూడక్కా అని ఎగతాళి కూడా.

జూన్ 24

నందిత ఫిల్ముల మధ్య సీసా పెట్టి చాలాసేపు చూసింది. అంతా నలుపే. ఎవరన్నా ముట్టినారా అత్తా, అంది.

లేదన్నాను.

జూలై 5

నారు ఆకుల మీద పచ్చ, పసుపు మచ్చలు. ఆకులు ముడుచుకుపోయాయి. చిన్నసామి ఈసారి ఎగతాళి చేయలేదు. ఇది చేతుల మీదుగా అంటుకునే తెగులక్కా, అన్నీ పీకి కాల్చేయండి అన్నాడు.

ఆయన నందితను నిలబెట్టి, నువ్వు తెచ్చిందే ఇది, చదివింది చాలు, రేపటి నుంచి కాలేజీ లేదు అన్నాడు. మూడేండ్ల పని మామా, మూత నేను తీయనే లేదు అంది. ఆయనతో చెబుతూ నన్ను చూసింది.

జూలై 6

పోసింది నేనేనని ఆయనకు చెప్పాను. నమ్మలేదు. కోడలి చదువు కోసం నువ్వు కూడా అబద్ధం చెప్తావా అన్నాడు.

నందిత నమ్మింది. బ్యాగు తీసుకుని ధర్మపురి బస్సెక్కింది. పోయొస్తానని నాకు చెప్పలేదు.