దూలం కింద పూజ

ప్రియమైన అక్కా,

నువ్వు తిడతావని తెలిసే రాస్తున్నాను. మా చర్చి పైకప్పు దూలం పగిలింది. తాపీమేస్త్రీ పగులుకి అడ్డంగా కాగితం అంటించి, "ఇది చిరిగితే పగులు పెరుగుతున్నట్టే ఫాదర్, ఇక లోపలికి ఎవర్నీ రానివ్వకండి" అన్నాడు. మర్నాటికల్లా చిరిగింది. నన్ను ఇక్కడికి పంపేటప్పుడు బిషప్ గారు చెప్పింది ఒక్కటే: "చర్చిలో పూజ ఒక్క వారం కూడా ఆగకూడదు." అందుకని జనాన్ని వసారాలో కూర్చోబెట్టి, నేనొక్కడినే లోపల బలిపీఠం దగ్గర నిలబడుతున్నాను. పూర్వం యూదుల దేవాలయంలో ప్రధాన యాజకుడు కూడా అందరి కోసం అతి పరిశుద్ధ స్థలంలోకి ఒక్కడే వెళ్లేవాడు కదా.

నీకు తప్ప ఎవరికీ చెప్పలేని మాట ఒకటుంది. దేవుని కుమారుడంతటివాడే శ్రమలు పడి విధేయత నేర్చుకున్నాడని ఏటా ప్రసంగిస్తాను. నేనేం శ్రమపడ్డాను? వేళకు భోజనం, ఎదురైతే దండాలు. మొన్న పూజ మధ్యలో పైనుంచి సున్నం రాలి ద్రాక్షారసం పాత్రలో పడింది. భయం వేయలేదక్కా, సంతోషం వేసింది. మళ్లీ ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నాను.

నీ తమ్ముడు

ఒరేయ్ మొండి ఫాదరూ,

తిట్టడానికి నోరు రాలేదురా. చదివి కుట్టుమిషను ముందు అలాగే కూర్చుండిపోయాను. నన్ను దూలం కంటే నీ సంతోషమే ఎక్కువ భయపెట్టింది. సిలువ వేసే ముందు రాత్రి తోటలో ప్రభువు ఏం చేశాడు? ఈ శ్రమల గిన్నె తప్పించమని తండ్రిని అడిగాడు. చెమటలు కారుతుంటే మళ్లీ మళ్లీ అడిగాడు. ఆ తర్వాతే కదా లోబడ్డాడు! నువ్వు బిషప్ గారిని ఒక్కసారైనా అడిగావా? అడిగితే మూసేయమంటారేమోనని నీ బెంగ. చిన్నప్పుడూ ఇంతే, జ్వరమొస్తే అమ్మకి చెప్పకుండా ముసుగుతన్ని పడుకుని, పెద్ద భక్తుడిలా మొహం పెట్టేవాడివి.

ఆదివారం వస్తున్నాను. నువ్వు లోపలుంటే నేనూ లోపలే. సరిగ్గా ఆ దూలం కిందే కుర్చీ వేసుకుంటాను. అప్పుడు చెప్పు పూజ, చూస్తాను.

నీ అక్క

అక్కా,

బిషప్ గారికి ఫోన్ చేశాను. దూలం కింద నిలబడటం సులువే, చర్చి మూసేయనా అని అడగడమే కష్టమైంది. ఆయన "ఆలోచించి చెబుతాను" అన్నారు. కాదంటే ఏం చేస్తానో నాకే తెలియదు. తలుపుకి మాత్రం తాళం వేసేశాను.

ఇది వసారాలో కూర్చుని రాస్తున్నాను. లోపల ఆగి ఆగి ఏదో రాలుతోంది. ఈసారి భయం వేస్తోందక్కా.

నువ్వు రా. నీ కుర్చీ బయటే వేస్తాను.

నీ మొండి తమ్ముడు