నీళ్ళు తగలకూడని ట్యాంకు

నాచారంలో కాపురముంటున్న సూర్యకళ అనే నేను, కీర్తిశేషులు గిరిధర్ గారి భార్యను, యాభై ఏళ్ళ దానిని, ఈ ఉదయం పూజ ముగించుకుని, తెలివి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. వచ్చే వారం నాకు గుండె ఆపరేషన్. దేవుడు తిరిగి ఇంటికి పంపితే ఈ కాగితం బీరువాలోనే ఉంటుంది. పంపకపోతే దీన్ని అమలు చేయవలసింది నా కూతురు హరిణి.

1. నా పేరున ఉన్న ఇల్లు, అందులోని సామాను, నా బంగారం సర్వహక్కులతో హరిణికి చెందాలి.

2. దేవుడి గదిలోని వెండి కుంది కూడా హరిణిదే. అమ్మా, కుందిని చింతపండుతో తోముకో. దీపం పైన బోర్లించిన ఇత్తడి గిన్నెను మాత్రం తోమకు. దాని మసిని నాలుగో అంశంలో వేరొకరికి రాశాను.

3. నా భర్త సైన్యంలో ట్యాంకు నడిపేవారు. రిటైరై వచ్చాక తాను నడిపిన బండినే రేకు, ప్లైవుడ్, పైపు ముక్కలతో ఇంట్లో కట్టారు. దివాన్ మీద పెడితే దివాన్ అంతా అదే. కట్టడం ఒక ఎత్తయితే, ఎడారిలో తిరిగిన బండిలా దాన్ని మాపడం ఇంకో ఎత్తు. ఎర్రమట్టి, ఇటుక పొడి జల్లెడ పట్టి కుంచెతో కొంచెం కొంచెం అద్దేవారు. "షోరూం బండి గాదు కళా, నేను తోలిన బండి గావాలె," అనేవారు.

ఒక దసరాకి మేము కీసరగుట్టకు వెళ్ళి వచ్చేసరికి, మా మరిది భూషణం ఆ ట్యాంకును షాంపూ నీళ్ళతో కడిగి, తుడిచి, బొట్లు పెట్టి ఉంచాడు. ఉప్పల్‌లో కార్లకు రంగులు వేసే షెడ్డు అతనిది. "వదినా, జర సూడు, ఎట్ల మెరుస్తుందో! గింత దుమ్ముతోటి ఆయుధపూజ జేస్తరా ఎవరన్న?" అన్నాడు. పండుగకు బండి కడగని ఇల్లు మా వాళ్ళలో లేదు మరి. నా భర్త దాన్ని వేలితో తడిమి చూసి, "ఫ్రీ సర్వీసింగ్ అయిపోయింది పో," అని నవ్వారు. మేము తిట్టి ఉంటే భూషణం మరిచిపోయేవాడు. అప్పటి నుంచి ఆ గదిలోకి ఎప్పుడు వచ్చినా చేతులు వెనక్కి కట్టుకునే నిలబడతాడు.

మట్టి అద్దడం మళ్ళీ మొదలుపెట్టేనాటికి ఆయన చేతులు వణుకుతున్నాయి. కుంచె నాకిచ్చారు. ఆయన చెప్పేవారు, నేను అద్దేదాన్ని. పొగగొట్టానికి దీపం మసి పూద్దామన్నది నేనే. "దేవుని మసి వెడితే ఇగ బండి ఏడ ఆగదు," అని ఆటపట్టించారు. కుడివైపు పూర్తయింది. ఎడమవైపు మిగిలి ఉండగానే ఆయన వెళ్ళిపోయారు. ఒక్కదాన్నే కూర్చుని ఆ పని చేయలేకపోయాను.

4. హరిణి దాన్ని అద్దాల పెట్టెలో పెట్టిస్తానంది. వద్దు. ఆ ట్యాంకు, కుంచెలు, ఇత్తడి గిన్నెలోని మసి నా మరిది భూషణానికి చెందాలి. భూషణం, ఆ దసరా మీద కోపం నాలో చాలాకాలం ఉంది. కానీ నువ్వు కడగకపోతే, ఆయన పక్కన కూర్చుని కుంచె పట్టిన ఆ సాయంత్రాలు నాకు దక్కేవి కావు. ఎడమవైపు నువ్వు పూర్తి చెయ్యి. జల్లించిన మట్టి దివాన్ కింద డబ్బాలో ఉంది. ప్రతి దసరాకు బొట్టు పెట్టు, నిమ్మకాయ కట్టు, నీళ్ళు మాత్రం తగలనివ్వకు. ఇక ఆ చేతులు ముందుకు తీసుకో.

5. ఎడమవైపు ముందు చక్రం పైన చిన్న మెట్టు ఉంది. సైన్యంలో అసలు బండిని ఆయన అక్కడే కాలు పెట్టి ఎక్కేవారు. "రోజు కాలు వెట్టే కాడ దుమ్మేడుంటది," అని నాకు చూపించారు. భూషణం, అక్కడ మట్టి అద్దవద్దు. గరుకు కాగితంతో రంగు అరగదీసి, లోపలి రేకును తెల్లగా కనబడనివ్వు.

కార్తీక సోమవారం, 3 నవంబర్ 2025, నాచారం.

(సంతకం) సూర్యకళ

ఆమె చదివి వినిపించి, మా ఇద్దరి ఎదుట సంతకం చేసింది.
సాక్షులు: ఉప్పలయ్య, రాజేశ్వరమ్మ